వియన్నాలో విడిచిన చెప్పులు

నేను వియన్నా చూసొచ్చానంటే ఈ అరబ్బు దేశంలో, మబేలాలో నాతోటి పనివాళ్ళు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నాకేం పోయింది. చూసింది కూడా పెద్దగా ఏమీ లేదు. చక్రాల కుర్చీ తోసేదానికి ఊరు కనపడదు. కుర్చీలో ఉన్న మనిషి నడినెత్తి కనపడుతుంది, కింద రాళ్ళు కనపడతాయి, అంతే.

ఒక ముసలమ్మను చూసుకోవడం నా డ్యూటీ. లేపాలి, స్నానం చేయించాలి, మందులు మింగించాలి, కాళ్ళు పట్టాలి. ఆమె కొడుకును బాబా అంటాను, కోడలిని మేడం అంటాను. ముసలమ్మను మాత్రం మన తీరునే అమ్మా అంటాను. మొదట్లో అలవాటుగా నోటికి వచ్చింది, ఆమె పలికింది, ఇంక మార్చలేదు. ఇంట్లో మాట అరబీ. చదువు రాదు కానీ ఇన్నేళ్ళకు చెవులకు ఆ మాట వచ్చింది.

ఆ ఎండాకాలం నా కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. వాళ్ళ నాయన పోయాక పుట్టిల్లంటే నేనే, నేను లేకపోతే తాళం వేసిన రెండు గదులు. లీవు అడిగాను. మేడం కాదనలేదు. అయితే ముందు అందరూ యూరప్ పోయి రావాలట, ముసలమ్మనూ తీసుకుపోవాలట, నేను లేకుండా ఆమె కదలదట.

"తిరిగి రాగానే నీ టికెట్. అప్పటికి పెద్దావిడకు ఒంట్లో బాగుంటే చాలు" అంది మేడం.

అంటే ముసలమ్మ బాగుంటేనే నా ప్రయాణం. ఆ రోజు నుంచి ఆమె తుమ్మినా నా గుండె జారేది.

కూతురికి ఫోన్ చేసి చెప్పాను.

"ఏం మా, మా వియ్యపురాలు యూరప్ పోతాందని మా అత్త ఊరంతా చెప్పుకుంటాంది" అంది.

"కుర్చీ తోసేదానికే లేమ్మా పొయ్యేది."

"అదంతా నాకొద్దు. నాకు నొప్పులొచ్చే పొద్దుకు నువ్వుంటావా, ఉండవా?"

"ఉంటా."

వియన్నా నిండా రాజుల ఇళ్ళే. పసుపు రంగు గోడలు, వరసలు వరసలుగా కిటికీలు. ఇన్ని కిటికీలు ఎవరు తుడిచి చచ్చారో అనుకున్నాను. గుర్రపు బండ్లు పోతుంటాయి, మేడం పిల్లలు వాటి వెంట పడతారు. మేడం ఫోటో తీసిన ప్రతిసారీ నన్ను పక్కకు జరగమనేది. కుర్చీ వదిలితే వాలులో జారిపోతుందని నేను ఒక చెయ్యి పిడి మీదే ఉంచి కిందికి వంగేదాన్ని. ఆ ఫోటోలు చూస్తే ఎక్కడో ఒక మూల నా చెయ్యి ఉంటుంది. ఊరు ఊరంతా రాళ్ళు పరిచిన వీధులు. ఒక్కో రాయికి కుర్చీ అదిరేది, ఆ అదురు నా భుజాల్లోకి ఎక్కేది. సాయంత్రానికి అన్నం కలిపే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒకరోజు వాళ్ళంతా పెద్ద బజారులో షాపుల్లోకి పోయారు. మా ఇద్దరినీ బయట నీడలో ఉండమన్నారు. అంతలో వాన పట్టుకుంది. చలివాన. ముసలమ్మ తడిస్తే నా పని అయిపోయినట్టే. ఎదురుగా ఆకాశాన్ని అంటుకునే చర్చి ఒకటి ఉంది.

"లోపలికి తొయ్యి" అంది ముసలమ్మ.

"అమ్మా, అది చర్చి."

"అది చర్చి అని వానకు తెలుసా? తొయ్యి."

తలుపు దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచాయి. మన వైపు గుడైనా, దర్గా అయినా, చర్చి అయినా చెప్పులు గడప బయటే కదా. ముసలమ్మ నన్ను చూసి తన కాళ్ళు కూడా చాపింది.

"నావీ తియ్యి. దేవుడి ఇల్లు."

"మరి ఈ చక్రాలో?" అన్నాను.

"వాటికేం పాపం. తోసేది నువ్వు కదా, నీకే చుట్టుకుంటుంది" అంది.

రెండు జతలూ గోడ పక్కన బుద్ధిగా పెట్టి లోపలికి పోయాము. చీకటిగా, చల్లగా ఉంది, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. జనం మా వైపే చూశారు. ఒకామె నల్ల అబాయాలో, ఒకామె చుడీదార్‌లో ఉన్నామని చూస్తున్నారనుకున్నాను. అందరి కాళ్ళకూ బూట్లు ఉన్నాయన్నది నా బుర్రకెక్కలేదు. బల్ల మీద కూర్చున్నాను. ఆ ఊరు పోయాక నా నడుము వాలింది అప్పుడే. వాన తగ్గినట్టుంది, పోదామని ముసలమ్మ గిల్లేదాకా లేవలేదు.

బయటికి వస్తే గోడ పక్కన ఏమీ లేవు. చీపురు పట్టుకున్న ఒకాయనకు నా ఉత్త పాదం చూపించాను. ఆయన నోటి మీద చెయ్యి పెట్టుకుని, వీధి చివర పోతున్న చెత్తబండిని చూపించాడు. ఎవరో పారేసిన పాత చెప్పులనుకున్నాడు పాపం. ఆ ఊళ్ళో దేవుడి ముందు ఎవరు విడుస్తారు?

ముసలమ్మకు నవ్వు ఆగలేదు. "రాజుల ఊరు చూపిస్తామని తెచ్చి, ఉన్న చెప్పులు కూడా ఊడ్చుకున్నారు!" అని నవ్వి నవ్వి దగ్గింది.

నాకు నవ్వు రాలేదు. చున్నీ తీసి ఆమె పాదాలకు చుట్టాను. తడి రాళ్ళ మీద వట్టి కాళ్ళతో తోసుకుంటూ పోయాను. మళ్ళీ జల్లు పడింది. చున్నీ తడిసింది.

మేడం చూసి నెత్తి కొట్టుకుంది. "ఇక్కడ ఎవరన్నా చెప్పులు విప్పుతారా? నీకు కళ్ళు లేవా?"

"నేను కూడా విప్పాను. నన్నూ తిట్టు" అంది ముసలమ్మ.

మేడం అత్తను తిట్టలేదు. మర్నాటికి ముసలమ్మకు జ్వరం, తర్వాత రొమ్ము పట్టేసింది. డాక్టరు వచ్చి పోయాడు. మిగిలిన రోజులు నేను చూసిన వియన్నా హోటల్ కిటికీకి ఎదురుగా ఉన్న గోడ.

మబేలా వచ్చాము. టికెట్ మాట ఎత్తాను.

"ఈమెను ఇట్లా వదిలి ఎట్లా పోతావు? దగ్గు తగ్గనీ" అంది మేడం.

దగ్గు తగ్గలేదు. ఆవిరి పట్టాను, నూనె రాశాను, ఆమె ఊపిరి వింటూ పక్కనే పడుకున్నాను. కూతురు ఫోన్లో ఎప్పుడొస్తావని అడగడం మానేసింది. తిన్నావా, తిన్నాను, అంతే.

ఒక మధ్యాహ్నం ముసలమ్మ అడిగింది. "నీ బిడ్డకు నెలలు నిండాయా?"

"నిండాయమ్మా."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"నీకు దగ్గు కదమ్మా."

ముసలమ్మ దుప్పటి మోకాళ్ళ దాకా లాక్కుంది. తర్వాత చెప్పింది, తన కాన్పులన్నీ పుట్టినూరు రుస్తాఖ్‌లో తల్లి ఇంట్లోనేనట. నలభై రోజులు తల్లి మంచం దిగనిచ్చేది కాదట. మనలాగే వాళ్ళకూ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

తెల్లారి మందు పోస్తే నోరు తెరవలేదు. మేడం పోసినా తెరవలేదు. బాబా వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

"ఈమెను బిడ్డ దగ్గరికి పంపు. అప్పుడు తాగుతా."

"నీకు తగ్గాక పంపుతాం."

"తగ్గదు. నేను తగ్గనివ్వను."

కోపంలోనే బాబాకు నవ్వొచ్చింది. అక్కడే కూర్చుని ఫోన్లో టికెట్ తీశాడు. ముసలమ్మ ఆ ఫోన్ నాకు చూపించమంది. నాకు చదవడం రాదు, అయినా చూశాను. అప్పుడు మందు తాగి మొహం చేదుగా పెట్టింది. నేను బయల్దేరేదాకా మేడం నాతో మాట్లాడలేదు.

నేను పోయేసరికి కాన్పు అయిపోయింది. ఆడపిల్ల. బిడ్డ పుట్టింది వాళ్ళ అత్తగారింట్లో.

"రా వియ్యపురాలా, తిరగడం అయిపోయిందా?" అంది వాళ్ళ అత్త.

కూతురు గోడ వైపు తిరిగి పడుకుంది. మంచం అంచున కూర్చున్నాను. భుజాన బ్యాగ్ కూడా దించలేదు.

"ఉంటానన్నావు" అంది గోడతో.

"అన్నాను."

ముసలమ్మ సంగతి చెప్పాలనుకున్నాను, వాన సంగతి చెప్పాలనుకున్నాను. అంతలో బిడ్డ ఏడ్చింది. వాళ్ళ అత్త లేవబోతే, కూతురు ఇటు తిరగకుండానే అంది:

"నువ్వుండు అత్తా. మా అమ్మ పోస్తాది నీళ్ళు."

బ్యాగ్ దించి, చీర ఎగదోపుకుని పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. పిక్కలు పీకుతున్నాయి. బిడ్డను కాళ్ళ మీద వేసుకుని చెంబు అందుకున్నాను.