మా అమ్మ ముందు గేటులోంచి వెళ్ళిన రోజు

మా ఆయన రొయ్యల బండి నడుపుతాడు. తోటపల్లి గూడూరు వైపు గుంటల దగ్గర రొయ్యలు ఎక్కించుకుని, ఐసు కరిగేలోపు ఫ్యాక్టరీలో దించి రావడం ఆయన పని. డీజిలు ఎప్పుడూ ఒకే బంకులో కొట్టిస్తాడు. వాళ్ళొక కార్డు ఇచ్చారు, కొట్టించినప్పుడల్లా అందులో పాయింట్లు పడతాయట. ఆ కార్డుని ఆయన బండిలో దేవుడి పటం వెనకాల దోపి మర్చిపోయాడు. ఒకరోజు మెసేజి వచ్చింది, నెలాఖరులోగా వాడుకోకపోతే పాయింట్లన్నీ పోతాయని.

నేను చదివింది పదో తరగతే గానీ ఫోనులో ఇలాంటివి తవ్వడంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఆ పాయింట్లకి మిక్సీ వస్తుంది, లేకపోతే సూట్‌కేసు వస్తుంది, అదీ కాకపోతే నెల్లూరులో ఒక హోటల్లో ఒక రాత్రికి పెద్ద గది, పొద్దున టిఫినుతో సహా. మిక్సీ ఉంది. సూట్‌కేసు కొనుక్కుని ఎక్కడికి పోతాం? హోటల్ మీద నొక్కేశాను, ఆయన్ని అడగకుండానే.

"నెల్లూర్లో హోటలా? గంటలో ఇంటికొచ్చే ఊర్లో గది తీసుకుని పడుకుంటారా ఎవురైనా?" అన్నాడు మా ఆయన.

"నేను పడుకుంటా. మా అమ్మ గూడా పడుకుంటాది."

అసలు సంగతి అదే. మైపాడు దగ్గర మా అమ్మ ఒడ్డుకి వెళ్ళేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంటుంది. పడవలు రాగానే చేపలు ఏరుకుని, గంపలకెత్తి, ఆటోలో నెల్లూరు చేరుతుంది. తిరిగొచ్చి గిన్నెలో ఉన్నది నిలబడే తింటుంది. మా అమ్మ కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తినడం నేను పుట్టాక చూడలేదు. ఒక్క పూట చూడాలని నా ఆశ.

"నేను రాను మే. నా వాడుకలేం గావాల?" అంది.

రోజూ చేపలేసే ఇళ్ళనీ హోటళ్ళనీ అమ్మ వాడుకలంటుంది. అమ్మకి చదువు రాదు కాబట్టి బోర్డులతో పని లేదు. పసుపు మేడ, బోరింగు సందు, పళ్ళ డాక్టరమ్మ, ఇలా తనే పేర్లు పెట్టుకుంది. అన్నిటికంటే పెద్ద వాడుక వేపచెట్టు గేటు. ఏదో హోటలు వంటింటి వెనకాల సందులో ఉంటుందట. నేను ఐదో తరగతిలో ఉన్నప్పటినుంచీ అమ్మ గంపలో సగం చేపలు అక్కడే దిగుతున్నాయి. మా పుస్తకాలూ నా పెళ్ళీ ఆ గేటు చలవే.

"ఒక్కరోజు పోకపోతే వాళ్ళేమన్నా పస్తుంటారా?" అని నా కూతుర్ని ఉసిగొల్పాను. నాలుగేళ్ళ పిల్ల మెడ పట్టుకుని వేలాడితే అమ్మ కరిగిపోయింది. ఆ రోజు గంపెత్తలేదు.

మధ్యాహ్నం పన్నెండుకి మా రొయ్యల బండి హోటలు ముందర ఆగింది. తెల్ల టోపీ పెట్టుకున్న వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "డెలివరీలు ఎనక సందులో, అన్నా!"

"డెలివరీ గాదు, మేమే దిగేది," అన్నాడు మా ఆయన, ఉడికిన రొయ్యలా ఎర్రబడి. ఫోను చూపించాక అతను నవ్వి, అమ్మకి దండం పెట్టి తలుపు తీశాడు. పెళ్ళిళ్ళకి కట్టే మెరూన్ పట్టుచీర కట్టింది అమ్మ. తిరిగి అతనికి రెండు చేతులా దండం పెట్టి, చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఆ చెప్పులు ఏరి చంకలో పెట్టుకుని వెనకాల నేను.

గదిలోకి వెళ్ళగానే తెల్ల దుప్పటి మీద తన తువ్వాలు పరిచి, దాని చివర కూర్చుంది. "మాసిపోద్ది మే. నా ఒంట్లో నీచు యాడికీ పోదు," అంది. మూడుసార్లు సున్నిపిండితో రుద్దుకుని వచ్చిన మనిషి! మా పాప ఏమో ఆ మంచం మీదే గెంతుతోంది.

కర్టెన్ లాగింది నేనే. కింద సందు, ఒక వేపచెట్టు, ఇనప గేటు, పక్కన నీలం డ్రమ్ము. అమ్మ వచ్చి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"మే, ఇది వేపచెట్టు గేటే!"

ఇన్నేళ్ళుగా రోజూ వచ్చే హోటలు ముందు భాగం అమ్మ ఎప్పుడూ చూడలేదు. నేనేమో బోర్డు పేరు చదివాను గానీ వెనకాల వేపచెట్టు ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

"పద, పోదాం. నేనీడ కుచ్చోనుండేది చూస్తే ఏమనుకుంటారు? చేపలెయ్యకుండా దొరసానిలాగా మేడెక్కి కుచ్చుందంటారు. వాడుక పోద్ది."

"గమ్ముగుండత్తా," అన్నాడు మా ఆయన. "నా డీజిలు పాయింట్లు. నువ్వేం ఊరికే రాలే."

బతిమాలి బతిమాలి భోజనానికి దించాం. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చుంది. మా పక్క బల్ల మీద హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ళెవరో ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన వడ్డించే అబ్బాయిని పిలిచాడు.

"నెల్లూరు చేపల పులుసు తెండి బాబూ, దానికోసమే వచ్చాం."

"సారీ సార్, ఈరోజు చేపల్లేవు. చేపలామె ఎగ్గొట్టింది. వీళ్ళంతే సార్, బుద్ధి పుడితే వస్తారు, లేకపోతే లేదు."

అమ్మ వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది. చెయ్యి పట్టుకుందామనుకునేలోపు లేచి నిలబడింది. కొంగు జారిపోయింది.

"ఏంది అబ్బయ్యా, బుద్ధి పుడితే వస్తారా? తుపానొచ్చినప్పుడు పడవలు లేకపోతే కావలి దాకా పోయి తెచ్చినా నేను! నా కూతురు పురిట్లో ఉంటే ఆసుపత్రికి పోకముందు మీ గేటు కాడ గంప దించి పోయినా! ఒక్కరోజు, ఈ ఒక్కరోజు రాలే. నేను చెయ్యని తప్పులు నామీద పెట్టబాక!"

హాలంతా చేతులాపేసింది. ఆ అబ్బాయి మా అమ్మని, పట్టుచీరని, మళ్ళీ అమ్మని చూశాడు. ఆ గొంతు వంటింట్లోకి కూడా వినబడ్డట్టుంది. వంట మాస్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బొద్దుగా, నుదుటిమీద చెమటతో.

"చేపలక్కా! నువ్వా? పొద్దన్నించి గేటు కాడికి నాలుగుసార్లు పోయొచ్చినా గదా!"

"ఈడుంటే ఆడికెట్టొస్తా?"

"ఫోను చెయ్యకూడదా?"

"చేస్తే రమ్మంటావు."

హైదరాబాద్ పెద్దాయన ముందు నవ్వాడు, తర్వాత అందరూ. అమ్మ మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగింది, "మాస్టరూ, రేపటినుంచి వేరేవాళ్ళ కాడ తీసుకుంటావా ఏంది?"

"నీకు పిచ్చా? ఆ మార్కెట్టు చేపలతో నా పులుసు చెడగొట్టుకుంటానా? కుచ్చో ముందు. ఏం తింటావో చెప్పు, నేనే చేసి తెస్తా."

అమ్మ కూర్చుంది. బల్ల మీది గుడ్డని సర్ది, చిన్నగా అంది, "నీ చేపల పులుసే తినాలనుండాది. నేనెత్తుకొచ్చిన చేపని నువ్వేం చేస్తావో ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చూళ్ళేదు."

ఎప్పుడూ గేటు దగ్గర గంప దించడం, నీళ్ళు కారకుండా పక్కకి జరపడం, తూకం, వెళ్ళిపోవడం. ఒక గరిటె రుచి చూపించాలని మాస్టరుకీ తోచలేదు, అడగాలని అమ్మకీ తోచలేదు. తోచిన రోజున చేపలే లేవు, అదీ అమ్మ వల్లే.

ఆ మధ్యాహ్నం అమ్మ పప్పుచారు, ఆమ్లెట్టు తినింది. మాస్టరే వడ్డించాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూనే ఉన్నాడు. పైకి రాగానే అమ్మ నా ఫోను లాక్కుని మా మామకి చేయించింది. "రే తమ్ముడా, రేపు మొదటి పడవలో మంచి వంజరం చేప చూసి ఆటోలో ఏసి పంపు. మొప్పలు ఎర్రగా ఉండాల, చూసుకో. నేనే తినేది."

తెల్లవారేసరికి మంచం మీద అమ్మ లేదు. కిటికీలోంచి చూస్తే పట్టుచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, వేపచెట్టు కింద మాస్టరుతో తూకం దగ్గర గొడవపడుతోంది. తను తినబోయే చేపకి కూడా బేరమే!

తొమ్మిదిన్నరకి కింద టిఫిన్లో దోసెలతో పాటు పులుసు వచ్చింది. పైన మామిడికాయ ముక్కలు తేలుతున్నాయి. మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా. అమ్మ ముందు పులుసు నాలిక మీద వేసుకుంది. తర్వాత ముక్క విరిచి వేళ్ళతో నలిపి చూసింది.

"ఉడికినా ముక్క ఇరగలేదు. చెయ్యి మంచిదే నీది," అంది. మాస్టరు ఊపిరి వదిలాడు. "గానీ పులుసు ఊరలేదబ్బయ్యా. నిన్న కాసుంటే ఈరోజు ఇంకా బాగుండు."

"నిన్న నువ్వు చేపలు తెచ్చుంటే గదా, అక్కా!"

అప్పుడు నవ్వింది మా అమ్మ. దోసె పక్కన పెట్టి, అన్నం అడిగి మరీ కలుపుకుంది. పొద్దున్నే అన్నమేంది అని మా ఆయన నసుగుతుంటే నేను కాలు తొక్కాను. నేను తినలేదు, చూస్తూ కూర్చున్నాను. కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తుంటే, రెండోసారి వేయించుకుని తింటోంది అమ్మ. చెప్పులు మాత్రం బల్ల కింద విడిచే కూర్చుంది.

పదకొండుకి గది ఖాళీ చేశాం. మామ చేప పంపిన గంప వెనక సందులో ఖాళీగా ఉంటే తెచ్చుకుని, నడుమున పెట్టుకుని, లిఫ్టు దగ్గరనుంచి హాలు మధ్యగా ముందు గేటుకే నడిచింది అమ్మ. తెల్ల టోపీ వాచ్‌మన్ పట్టుచీర చూసి దండం పెట్టబోయాడు, గంప చూసి ఆగాడు.

"పెట్టబ్బయ్యా, పెట్టు," అంది అమ్మ. "రేపు పొద్దున ఎనక గేటు కాడ కనపడతా, ఆడ గూడా పెట్టాల."