నరహరి బయట ఉంచిన ఐదు పేర్లు

పోయిన వారం మంగళవారం, ఉదయం తొమ్మిదికి ఇంకా పది నిమిషాలున్నాయనగా, మా తమ్ముడు నరహరి నల్లగొండ దవాఖానలో కన్నుమూశాడు. ఇవాళ్టికి పదకొండో రోజు. నాకంటే ఆరేళ్లు చిన్న. బతుకంతా బడిలో లెక్కలు చెప్పినదాన్ని, చిన్నవాడు ముందు పోయిన ఈ లెక్క మాత్రం నా చేత కావడం లేదు.

నరహరిది కెర్నల్ పని. కెర్నల్ అంటే కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే మూలభాగం. దానికి తగిలించే ముక్కలే మాడ్యూళ్లు. తెలంగాణ వచ్చాక హైదరాబాదు ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చి, అమ్రాబాద్ వైపు దవాఖానాల కోసం ఒక చిన్న పెట్టె తయారు చేశాడు. టీకాల ఫ్రిజ్ వేడెక్కితే అది మోగుతుంది. వేడిని కొలిచే మాడ్యూల్ అతనిది. ఆ కొలత తీసుకొని అలారం మోగించే మాడ్యూల్ అతని శిష్యురాలు స్వప్నది.

మొదట్లో ఒక తప్పు చేశాడు. తన మాడ్యూల్‌లో ఒక్కో చిన్న పని చేసిపెట్టే నలభై ఒక్క ఫంక్షన్ల పేర్లనూ మిగతా మాడ్యూళ్లకు కనిపించేటట్టు బయట పెట్టాడు. "ఎవలకేది గావాలంటే గది తీసుకుంటరు, ఏం పోతది?" అన్నాడు. స్వప్న వాటిలో ఒక లోపలి ఫంక్షన్‌ను వాడుకుంది. నెల తర్వాత ఇతడు దాన్ని తీసేశాడు. ఆ పొద్దు బల్లమీది పెట్టె, ఫలానా పేరు దొరకలేదని ఒక్క వరుస చూపించి, అలారం మాడ్యూల్‌ను ఎక్కించుకోనే లేదు.

"నన్నడగకుంట తీసేసిన్రు సార్!"

"నన్నడగకుంట నువ్వెట్ల వాడుకున్నవే?"

ఇద్దరూ నా వైపు చూశారు. "తప్పు నీదేరా. అన్నీ బయటేసినోనివి నువ్వు" అన్నాను.

మాది నేత ఇల్లు. మగ్గం మీద పడుగు అయిపోతే బాపు పాత పోగుల కొసలను అట్లాగే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి అతికేవాడు. ఆ సాయంత్రం నరహరికి అదే గుర్తుకొచ్చింది. "కొసలే బయటుండాలె అక్కా. గవి కదలకుంటే లోపల పడుగంత మార్చుకోవచ్చు."

అప్పటినుంచి ప్రతి శనివారం అతను ఒక్కో పేరు చదివేవాడు. "ఎవలకు గావాలె?" అని నేను అడిగేదాన్ని. ఫలానా మాడ్యూల్‌కు అంటే తేదీ వేసి నోటుబుక్కులో రాసేదాన్ని. "రేపెప్పుడన్న పనికొస్తదేమో" అంటే ఎర్రపెన్నుతో కొట్టేసేదాన్ని.

"బళ్లె గూడ గిట్లనే జేసినవ్. సొంత తమ్మునికి అరమార్కు గూడ కలపకపోతివి!" అని నవ్వేవాడు. చివరికి ఐదు పేర్లు మిగిలాయి.

ఈ మధ్య ఆ పెట్టెల్లో వాడే వేడి కొలిచే పరికరం దొరకడం ఆగిపోయింది. కొత్త రకం పెట్టాలంటే మాడ్యూల్ లోపలంతా తిరగరాయాలి. పని సగంలో ఉండగా నరహరి మంచాన పడ్డాడు. "పాతవి చెడిపోతే పెట్టెలు మోగయక్కా. పసిపోరగాండ్ల టీకాలు ఖరాబైతయి" అన్నాడు. నాతో అతను మాట్లాడిన చివరి మాట అదే. ఈ పది రోజులూ నాకు దుఃఖం కన్నా ఆ భయమే ఎక్కువగా ఉండింది.

నిన్న స్వప్న ఫోన్ చేసింది. "పెద్దమ్మా, లోపలంత తిరగరాసిన. సార్ ఉంచిన ఐదు పేర్లు ముట్టలే. అలారం మాడ్యూల్‌ల ఒక్క అక్షరం మార్చకుంటనే ఎక్కింది. ఫ్రిజ్ తలుపు తీసిపెడితే మోగింది!"

"ఎన్నిసార్లు మోగింది?"

"నాలుగుసార్లు."

"తీసిపెట్టింది ఎన్నిసార్లు?"

"నాలుగుసార్లే పెద్దమ్మా! జర నమ్ముండ్రి!"

ఫోన్ పెట్టేసి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. నోటుబుక్కు తీసి ఐదు పేర్ల పక్కనా నిన్నటి తేదీ వేశాను.

రేపు శనివారం. పేర్లు చదివేవాడు లేడు. నా ప్రశ్నకు నవ్వుతూ జవాబిచ్చే మనిషి ఇక నాకు దొరకడు. అయినా తమ్ముడా, ఫికర్ చెయ్యకు. నీ కొసలకు కొత్త పోగులు అతికినయి. ఒక్కటి గూడ తెగలే. నేను సరిచూసిన.

ఐదుకు ఐదు మార్కులు.