సీలు కవరుకు పసుపు

లెక్కల్లో పైసా తేడా రానివ్వని నేను, మా ఏడేళ్ళ నిరీక్షణను చిటికెడు పసుపుతో ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. మావారు ఇప్పటికీ నవ్వుతారు.

అప్పుడు మేము మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మావారిది హెచ్-వన్ వీసా. భార్యగా నాకిచ్చిన వీసా మీద ఉద్యోగం చేయకూడదు. విజయవాడలో ఆడిటరు దగ్గర పద్దులు రాసినదాన్ని, ఇక్కడ కందిపప్పు డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఏడో ఏట గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే వంతు వచ్చింది. నెలాఖరులోగా పంపితే నాకు పనిచేసే అనుమతి వస్తుంది. తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడో!

దరఖాస్తుకు జతచేయాల్సిన మా వైద్యపరీక్షల కాగితాలు డాక్టరు చెరో కవరులో పెట్టి, అంటించి, మూత మీద సంతకం చేశాడు. తెరిస్తే చెల్లదన్నాడు. తెరవలేదండీ, ఒట్టు! శుభకార్యం కదా అని పసుపు వినాయకుణ్ణి చేసి, మిగిలిన తడి పసుపు ముందు నా కవరుకు నాలుగు మూలలా రాసి, నడుమ కుంకుమ పెట్టాను. అరకొర పనులు నాకు గిట్టవు, నిండుగా రాశాను.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు వినాయకుడు చక్కగానే కుదిరాడు, కవరే కోతి అయింది. తడికి మూత నోరు తెరిచింది. అన్నం మెతుకులతో అంటించాను. డాక్టరు సంతకం పసుపులో ఈదింది.

సాయంత్రం ఇంటికొచ్చిన మావారి కంట అది పడింది. "శారదా, ఏంటిది?"

"కవరండీ."

"కవరని తెలుసు! పులిహోరలో ముంచావా?"

"దేవుడికి చూపించానంతే."

"చూపించాల్సింది దేవుడికా, ఇమిగ్రేషన్ వాళ్ళకా? ఎల్లుండి లాయర్‌కి సబ్మిట్ చేయాలి తల్లీ!"

"మీ కవరు శుభ్రంగానే ఉందిగా, అది పంపండి."

"అది పంపితే నీకు వర్క్ పర్మిట్ వస్తుందా?"

నేను పసుపు చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

మర్నాడు డాక్టరు ఆ కవరును వేలి చివరలతో ఎత్తాడు. "ఈజ్ దిస్ బ్లడ్?"

"నో, నో. ఫర్ గాడ్," అన్నారు మావారు.

డాక్టరు మరింత భయపడ్డాడు. కొత్త కవరు చేసి, నన్ను దాటించి మావారి చేతికిచ్చాడు.

తిరుగుదారిలో కారులో మావారు నెమ్మదిగా అడిగారు. "ఇంత లెక్కగల మనిషివి, ఎందుకు చేశావే?"

"వంతు వాళ్ళది, తేదీలు వాళ్ళవి, సంతకం డాక్టరుది. ఏడేళ్ళలో నా చేతిలో ఏముందండీ? పసుపొక్కటే నాది."

ఆయన కొత్త కవరు తీసి నా ఒళ్ళో పెట్టారు.

కాగితాలు గడువులోగా చేరాయి. అనుమతి వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఆలస్యంగానైనా కార్డులూ వచ్చాయి. నా మొదటి జీతం చెక్కు కవరుతో దేవుడి గదివైపు నడుస్తుంటే మావారు లాక్కుని, నాకందకుండా చెయ్యెత్తి పట్టుకున్నారు.

"ముందు బ్యాంకు, తరవాత బొట్టు!"

కనుక పసుపు డబ్బా మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: అంటించిన కవరుకు ఈ జన్మలో తడి పసుపు రాయను. మరీ మనసొప్పకపోతే పొడిదే చల్లుతాను.