జీలకర్ర పొట్లంలో పోయిన ఆఖరి పేజీలు

కొట్టు తలుపులు తెరిచి, వాకిట్లో నీళ్లు చల్లి వచ్చి, కోటమ్మ గల్లాపెట్టె పక్కన చెయ్యి పెట్టింది. అట్ట లేని పాత నవల చేతికి తగిలింది. కానీ నిన్నటి కంటే పలచగా తగిలింది.

"ఏమయ్యా! దీని వెనకాల ఆకులేవి?"

మల్లికార్జునం కాటా తుడుస్తూ, "ఏ ఆకులు?" అన్నాడు.

"ఏ ఆకులా? ఈ పుస్తకంలో చివరాఖరి ఆకులు!"

"నిన్న గిరాకీ ఎక్కువగా ఉండింది కదా. కాగితాలు అయిపోయినాయి. చేతికి అందింది చించినాను. పొట్లాలకే కదే కొనింది!"

"చించితే చించినావు, ముందు నుంచి చించరాదా? నేను చదివేసింది పెట్టి, చదవంది అమ్మేసినావే!"

"బోర్లా పెట్టింది నువ్వు. ఏది ముందో ఏది వెనకో నాకేమన్నా కలొచ్చిందా?"

మామూలు రోజైతే ఈ గొడవ కాఫీతో ముగిసిపోయేది. ఆ రోజు సాయంత్రం కొడుకు మణిదీప్ నెల్లూరు నుంచి వస్తున్నాడు. కొట్టు ఉంచాలా, మూసి సెల్‌ఫోన్ల షోరూముకు ఇచ్చేయాలా అన్న మాట తేల్చాలి. ఆ మాట తేల్చడానికి కోటమ్మ పెట్టుకున్న గడువు ఈ నవల ముగింపు.

వినడానికి నవ్వొచ్చే సంగతే. ఇంట్లో అందరూ నవ్వారు కూడా. అయితే కోటమ్మ సంసారం ముప్పై ఏళ్లుగా నడిచిన తీరే అది.

ఆమెది మర్రిపాడు. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆత్మకూరు బజారులో కిరాణా కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చి, పొట్లాలు కట్టే పనిలో కూర్చుంది. పాత పుస్తకాలు తూకానికి కొని, ఆకులు చించి, జీలకర్రా మెంతులూ కట్టివ్వడం ఆ పని. కోటమ్మ మాత్రం ప్రతి కాగితమూ చదివిగానీ చుట్టేది కాదు. "ఏమమ్మా, ఆవాలిస్తావా, పరీక్షకు చదువుతా ఉండావా?" అని గిరాకీలు ఎగతాళి చేసేవాళ్లు. తర్వాత్తర్వాత పుస్తకం పూర్తిగా చదివాకే చించాలని నియమం పెట్టుకుంది. మధ్యలో కొన్నేళ్లు ప్లాస్టిక్ కవర్లు వచ్చి ఆమె చదువుకు గండి కొట్టాయి. సర్కారు కవర్లు వద్దన్నాక మళ్లీ కాగితం రోజులు వచ్చాయి. పాత సామాన్ల మునెయ్య ఎవరు ఇల్లు ఖాళీ చేసినా పుస్తకాల మూట ముందు ఈ కొట్టు దగ్గరే దించుతాడు.

ఆ పుస్తకాల్లోంచి ఆమె ఏరుకున్నవి తక్కువేమీ కాదు. ఒక పాత కథల పుస్తకంలో తగువు తీర్చే పెద్దమనిషి ఒకడున్నాడు. ఎవరు వచ్చినా ముందు ఎదుటివాడి బాధేమిటో చెప్పమంటాడు, ఆ తర్వాతే సొంత గోడు వింటాడు. ఆడబిడ్డతో ఉమ్మడి గోడ పంచాయితీ వచ్చినప్పుడు కోటమ్మ ఆ పద్ధతే పెట్టింది. ముందుగా ఆడబిడ్డ బాధ తానే చెప్పింది. తెచ్చిన టీ చల్లారకముందే గోడ సంగతి తేలిపోయింది.

బోల్తా పడింది కూడా ఉంది. పప్పుకు పురుగు పట్టకుండా కర్పూరం వేయమని మరో పుస్తకంలో చదివింది. ఎంత వేయాలో చెప్పే ఆకు అప్పటికే ఎవరి మెంతులతోనో వెళ్లిపోయింది. గుప్పెడు వేసింది. "ఇది పప్పా, గుళ్లో ప్రసాదమా?" అని బజారంతా నవ్వింది. చివరి పేజీ చదవకుండా ఏ పుస్తకం మాటా చేతల్లో పెట్టకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న నవల పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. కథ మాత్రం అలివేలమ్మ అనే గానుగామెది. ఊళ్లోకి ఇంజను గానుగ వస్తుంది. జనం అటు మళ్లుతారు. ఎద్దును అమ్మి గానుగ ఆపేయమని చుట్టాలు పోరుతుంటారు. సరిగ్గా అలివేలమ్మ, "రేపు తెల్లారి నా మాట చెబుతాను" అన్నచోట మల్లికార్జునం చించేశాడు. కోటమ్మకు ఆ గానుగ తన కొట్టులాగే కనిపించింది. బస్ డిపో దగ్గర ఏసీ మార్టు పెట్టిన దగ్గర్నుంచి ఆమె గిరాకీ అలాగే పలచబడుతోంది. మణిదీప్ బేరం తెచ్చాడు. మల్లికార్జునం, "కొట్లో కూర్చునేది నువ్వు. నీ మాటే నా మాట" అని తప్పుకున్నాడు.

"ఎవరికి కట్టినావో గుర్తు చేసుకో," అంది కోటమ్మ.

"ఉదయగిరి మస్తానమ్మకు. ఆమే కదా అన్నీ చిన్న చిన్న పొట్లాలు కట్టమనేది. చారెడు జీలకర్ర కూడా రెండు పొట్లాలు కట్టించుకుంటాది. పక్కింటోళ్లకు పంచుతాదేమో మరి."

మస్తానమ్మ చెక్క గరిటెలు చెక్కే మనిషి. ఆత్మకూరులో ఒక షాపుకు సరుకు వేసి, తిరుగు బస్సుకు ముందు ఈ కొట్లో సామాను కట్టించుకుని పోతుంది. ఉదయగిరిలో ఇన్ని కొట్లుండగా ఇక్కడి నుంచి మోసుకుపోవడం ఎందుకని కోటమ్మ ఎన్నడూ ఆలోచించలేదు. తన పప్పు మంచిదనుకుంది.

"నేను ఉదయగిరి పోతా ఉండాను."

"ఎందుకే?"

"పేజీలు తెచ్చుకునేదానికి."

మల్లికార్జునం ఆమెను ఎగాదిగా చూశాడు. "పోతే పో. ఆధార్ కార్డు తీసుకో, బస్సులో ఆడోళ్లకు టికెట్ కూడా లేదు. మీకేంది, రాణీలు!"

పెళ్లిళ్లకూ చావులకూ తప్ప కొట్టు వదలని మనిషి కిటికీ పక్క సీట్లో కూర్చుని, సగం పుస్తకమున్న సంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. పక్క సీటామె సంచీలోని పుస్తకం చూసి ఏం కథమ్మా అని అడిగింది. అడగడమే పాపమైంది. కోటమ్మ అలివేలమ్మ కథ మొత్తం చెప్పింది. ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగి విన్నారు. పక్కామె తన ఊళ్లో దిగుతూ, "సాయంత్రం తిరిగి పోయేటప్పుడు కిటికీలోంచి అరిచి చెప్పు తల్లే, ఎద్దును అమ్మిందో లేదో. నేను ఈ స్టాపులోనే ఉంటా!" అంది.

ఉదయగిరిలో దిగి, కొండకేసి పోయే వీధిలో అడుగుతూ వెళ్లింది. ఇంటింటి అరుగు మీదా ఆడవాళ్లు కొండ మీది నర్ది చెట్టు చెక్క ముక్కలు ముందేసుకుని గరిటెలు, స్పూన్లు చెక్కుతున్నారు. ఆకురాళ్ల గరగర వీధంతా వినిపిస్తోంది. మస్తానమ్మ అరుగు మీద మాత్రం చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా చేరి ఉన్నారు. మధ్యలో ఆమె కోడలు సుధారాణి, కాగితం ముక్క పట్టుకుని గట్టిగా చదువుతోంది.

ఆ కాగితం మడతలు చూడగానే కోటమ్మ గుర్తుపట్టింది. అది తన పొట్లం మడత.

"ఆగు, ఆగు! చదవబాకమ్మా!" అని వీధిలోంచే కేక పెట్టింది.

మస్తానమ్మ చేతిలో చాకు జారింది. "శెట్టెమ్మా! నువ్వేంది ఈడ? లెక్కేమన్నా తప్పినాదా?"

"లెక్క కాదు. ఆ పేజీలు నావి."

జరిగింది చెప్పేసరికి అరుగంతా గొల్లున నవ్వింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పొద్దున బైబిలు వాక్యం చదువుకున్నాక, మధ్యాహ్నం పనిలో పొట్లం కాగితాలు చదువుకోవడం ఈ అరుగు అలవాటు. ఇనుప కమ్మీకి గుచ్చి గోడకు వేలాడదీసిన కాగితాల బొత్తి కోటమ్మకు చూపించారు. ఆమె చించిన పుస్తకాలన్నీ అక్కడ తునకలు తునకలుగా ఉన్నాయి. పంచాయితీ పెద్దమనిషి కథలోది కూడా ఒక ఆకు కనిపించింది.

"ఈ అలివేలమ్మ ఎవరు పెద్దమ్మా?" అని సుధారాణి కోటమ్మ చెయ్యి పట్టుకుంది. "మాకు ఆఖరు దొరికినాది, మొదలు తెలీదు. ఎద్దుతో మాట్లాడతా ఉంటే పిచ్చిదేమో అనుకున్నాం."

"ఈయమ్మే అనింది పిచ్చిదని," అంది పక్కనున్న ఎస్తేరమ్మ. "నేను అప్పుడే చెప్పినాను, ఆమెకు ఏదో కష్టముండాదని."

"నువ్వు చెప్పినావా? నిద్రపోతా ఉన్నావు నువ్వు!"

కోటమ్మ అరుగెక్కి కూర్చుంది. మొదలు తన దగ్గరుంది, చివర వాళ్ల దగ్గరుంది. ముందు కథ ఆమె చెప్పింది. గరిటెలు కింద పెట్టేసి విన్నారు. ఆ తర్వాత సుధారాణి కాగితాలు వరసగా పేర్చి అందుకుంది. జీలకర్ర వాసన వేస్తున్న ఆ ఆకుల్లో అలివేలమ్మ తెల్లారి లేచి, చుట్టాలకు మాట చెప్పలేదు. ఊళ్లోకి వెళ్లింది. తన గానుగను వదిలేసినవాళ్ల గుమ్మాలెక్కి, "నా దగ్గరకు రావడం ఎందుకు మానుకున్నారు?" అని అడిగింది. ఇంకా వస్తున్నవాళ్ల గుమ్మాలెక్కి, "ఎందుకు వస్తున్నారు?" అని అడిగింది. నూనెలో మడ్డి ఉంటోందని ఒకరు మొహం మీదే చెప్పారు. గానుగ ఆడుతున్నంతసేపూ నీ పందిట్లో కూర్చుని మాట్లాడుకుంటాం, ఇంజను దగ్గర నిలబడే చోటు కూడా లేదని మరొకరు చెప్పారు. అలివేలమ్మ అన్నీ విని ఇంటికి తిరిగి, గానుగ దగ్గర నిలబడి...

"నిలబడి?" కోటమ్మ ముందుకు వంగింది.

"అంతే. ఆ తర్వాత ఆకు లేదు."

అందరి తలలూ ఒక్కసారిగా అరుగు చివర కూర్చున్న మస్తానమ్మ భర్త కొండలయ్య వైపు తిరిగాయి.

"ఆ ఆకును పొయ్యిలో నిప్పుకు పట్టి దాంతో బీడీ ముట్టిచ్చుకున్నాడు, మహానుభావుడు!" అంది మస్తానమ్మ.

"నాకేం తెలుసు అది ఆఖరిదని? నంబరు చూసి ముట్టిచ్చేదా బీడీ?"

కోటమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంత దూరం వచ్చింది. ఎద్దును అమ్మిందా, గానుగ ఆపిందా? బూడిదైపోయింది. చివరి పేజీ చదవకుండా ఏదీ చేయకూడదన్న ఒట్టు కూడా ఆ బీడీ పొగలోనే పోయినట్టుంది. చేతిలోని ఆకును మళ్లీ ఒకసారి చూసింది. నిజానికి అలివేలమ్మ ఏం తేల్చిందో దాంతో తనకేం పని? తేల్చే ముందు ఏం చేసిందో అది ఇక్కడే ఉంది, చక్కగా అచ్చులో ఉంది. ఆ మాట తట్టగానే కోటమ్మ చివాలున తలెత్తింది.

"మస్తానమ్మా, ఒక మాట అడుగుతా. ఉదయగిరిలో కొట్లు లేవా? నా దగ్గరకు ఎందుకొస్తా ఉండావు?"

మస్తానమ్మ కొంగు సర్దుకుంది. "తిట్టవు కదా?"

"తిట్టను. చెప్పు."

"కాగితాల కోసం. ఏసీ కొట్లో అంతా ప్యాకెట్లే, చదివేదానికి ఏముంటాది? అందుకే నీ దగ్గర చిన్న పొట్లాలు కట్టించుకునేది."

"మరి పప్పు?"

"నీ పప్పులో రాళ్లుండాయి శెట్టెమ్మా. మొన్న ఈయన పన్ను కదిలిపోయింది."

కొండలయ్య నోరు తెరిచి పన్ను చూపించాడు. కోటమ్మకు చురుక్కున కోపమొచ్చింది. ముప్పై ఏళ్ల కొట్టు! మొహం మీద ఎవరూ అనలేదు ఈ మాట. ఎవరూ అనకపోవడమే కాదు, తానూ ఎవర్నీ అడగలేదు. కోపం దిగకముందే నవ్వు వచ్చేసింది. ఆమె నవ్వడం చూసి అరుగంతా నవ్వింది.

లేచేటప్పుడు చేతిలోని సగం పుస్తకాన్ని సుధారాణికి ఇచ్చేసింది. "చించకుండా ఉంచు. దీన్ని మొదటి నుంచి చదివి వినిపించు."

"తర్వాత ఏ పుస్తకం పెద్దమ్మా?" అని సుధారాణి వెనక నుంచి అరిచింది.

"మునెయ్య ఏం తెస్తే అది!"

తిరుగు బస్సులో, పొద్దున కథ విన్నామె స్టాపులో కిటికీలోంచి తల బయటకు పెట్టి చూసింది. ఆమె కనిపించలేదు. కనిపించి ఉంటే ఏం అరవాలో కోటమ్మకూ తెలియదు.

ఎండ ఇంకా వాలకముందే కొట్టు చేరింది. మణిదీప్ అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె చెప్పులు విడవడం, కందిపప్పు బస్తా విప్పడం, చేట నిండా పప్పు పోసుకుని గడప దగ్గర కూర్చోవడం చూసి తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

"ఏం తేల్చినావమ్మా? షోరూమాయన ఫోను చేస్తా ఉండాడు."

"వేరే చోటు చూసుకోమను."

"ఎందుకు? పుస్తకంలో ఆమె మూయలేదా?"

"ఏమో. మీ నాయన లాంటోడు ఒకడు ఆ పేజీ కాల్చేసినాడు." కోటమ్మ చేట చెరుగుతూ జరిగింది చెప్పింది.

మణిదీప్ తల పట్టుకున్నాడు. "ఉదయగిరిలో నలుగురు ఆడోళ్లు కాగితాలు చదువుకుంటారని కొట్టు పెట్టుకుంటామా అమ్మా?"

"వాళ్ల కోసమే కాదురా. రాళ్లుండాయని చెప్పకుండా పోయినోళ్లు ఎంతమందో మనకు తెలుసా? రేపటి నుంచి ఇంటింటికీ పోయి అడుగుతా. అందర్నీ అడిగినాక కూడా మూయాల్సిందే అయితే నేనే తాళం తెచ్చిస్తా. అడగకుండా ఇవ్వను."

"ఆయన ఆగడమ్మా. ఇంకోచోట తీసేసుకుంటాడు."

"తీసుకోనీ. ఫోను చేసి చెప్పి రా, ఈ చేట నీకిస్తా."

మణిదీప్ ఫోను పట్టుకుని బజారులోకి వెళ్లాడు. కాసేపు చేతులు ఊపుతూ మాట్లాడి, సణుగుతూ తిరిగొచ్చి, చేట ముందేసుకున్నాడు. మల్లికార్జునం గల్లాపెట్టె వెనక నుంచి, "మన పప్పులో రాళ్లేంది? ఎవరో గిట్టక చెప్పుంటారు" అన్నాడు.

మణిదీప్ పప్పులోంచి ఒకటి ఏరి, వెలుతురుకు ఎత్తి చూసి, తండ్రి ముందు గల్లాపెట్టె మీద టక్కున పెట్టాడు. దాని పక్కన ఇంకొకటి పెట్టాడు.

"నాయనా, నువ్వూ రా. ఇంకో చేట ఉండాదా మనకు?"