ఆరు మూలల విడిది

నాకు పైవరసలో ముందు పళ్ళు రెండు లేవు. ఒకటి తమ్ముడుగారి కర్రకు పోయింది, రెండోది అన్నగారి చేతికి. రెండూ ఒక్క ఇంటి కోసమే.

నేను పొలాలు కొలిచి బతికేవాణ్ణి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. మేకు పాతి, తాడు కట్టి ఇసుకలో గుండ్రంగా గీత గీస్తే, అదే తాడు ఆ గీత వెంట సరిగ్గా ఆరుసార్లు పడుతుందని ఒకనాడు లంకలో పడవ కోసం కూర్చుని కనిపెట్టాను. తాడు పొడుగైనా పొట్టిదైనా ఆరే. ఆ సంగతి మా కామందుగారికి చెప్పాను. వేసవి విడిదికి గోదావరి లంకలో ఇల్లు కట్టుకోవాలని ఆయన ఆలోచన.

"మా నాన్నగారి మండువాలాంటిది వద్దండి. గాలి ఎటు తిరిగినా తగలాలి. ఆ ఆరు మూలలదే గీయండి," అన్నారు.

గీశాను. మూలకొక తాటి స్తంభం. స్తంభాల మీంచి ఆరు వాసాలు పైకి లేచి, బండి చక్రమంత కొయ్య చట్రంలోకి దిగుతాయి. నడిమిన స్తంభం ఉండదు. ఎదురెదురు వాసాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కప్పును మోయాలి.

"ఇది ఇల్లా బాబూ, గొడుగా?" అన్నాడు వడ్రంగి మావ. ముసలివాడైనా ఆ చట్రం అతని చేతుల్లో చక్కగా కుదిరింది.

ఆ లంక మా కామందుగారూ, ఆయన తమ్ముడుగారూ అన్నదమ్ములిద్దరిదీ. పంపకాలు కాలేదు. వరద తీశాక ఎవరి కప్పు ముందు నిలబడి, దాని కింద పొయ్యి వెలుగుతుందో ఆ లంక వాళ్ళదని మా వైపు ఆనవాయితీ. తమ్ముడుగారు ఒకసారి వచ్చి స్తంభాల చుట్టూ తిరిగారు.

"ఆరు మూలలైతే ఇందులో ఈశాన్యం ఏదండీ?"

తూర్పున ఒక మూల పెట్టాను కాబట్టి ఈశాన్యానికి మూల రాదని చెప్పాను.

"ఆయ్. అయితే ఆ లేని మూలనించే వస్తాం లెండి," అని నవ్వేరు.

అన్నట్టే వచ్చారు. వడ్రంగి మావ చట్రం మీద కూర్చుని ఆఖరి కట్లు బిగిస్తున్నాడు. నేను కింద పొయ్యికి రాళ్ళు పేరుస్తున్నాను. ఈశాన్యపు ఒడ్డున పడవలు ఆగాయి. కర్రలు పట్టుకుని మనుషులు దూకారు. తాటాకు మోస్తున్న కూలీ ఒకడి తల పగిలింది. వాడు నీళ్ళలోకి పడితే తోటివాళ్ళు జుట్టు పట్టి లాక్కుపోయారు. పొయ్యిరాయి ఒకటి ఎత్తి నా మోకాలి మీద వేశారు. నిచ్చెన విరగ్గొట్టారు. మావ పైనే చిక్కుకుపోయాడు.

మొదటి స్తంభానికి మోకు కట్టి లాగారు. అది విరిగి, దాని వాసం ఊడిపడింది. కప్పు కిర్రుమని నిలబడింది. మోకు తీసి పక్క స్తంభానికి కడుతున్నారు.

పక్కపక్కవి రెండు పోతే చట్రానికి ఆ వైపు ఆసరా ఉండదు, మావతో సహా కూలుతుంది. ఒకటి విడిచి ఒకటి తీస్తే మిగిలిన మూడూ ముక్కాలిపీటలా నిలుస్తాయి. కాగితం మీద నేను ఎన్నోసార్లు తీసి చూసుకున్న లెక్క అది.

"పక్కది వద్దండీ! దాన్ని విడిచి అవతలది లాగండి! పైన మనిషున్నాడండీ!" అని అరిచాను.

"మాకే పాఠం చెబుతున్నాడ్రోయ్," అని తమ్ముడుగారు కర్ర తిప్పారు. నోరంతా రక్తం.

అప్పుడు పైనించి మావ కేక వేశాడు. "ఒరే సన్నాసుల్లారా! అది లాగితే కప్పు పడేది మీరు నిలబడ్డ చోటేరా! ముందు మీ బుర్రలు పగుల్తాయి, తర్వాత నాది!"

మోకు పట్టుకున్నవాళ్ళు తలెత్తి చూశారు. వాసాలు వాళ్ళ వైపే ఒరిగి ఉన్నాయి. మోకు వదిలేశారు. తమ్ముడుగారు తిట్టినా, వీపుల మీద బాదినా ఆ స్తంభం ముట్టుకోలేదు. నేను చెప్పినట్టే ఒకటి విడిచి ఒకటిగా మరో రెండు లాగారు. కప్పు మూడు స్తంభాల మీద నిలిచింది. మావ మిగిలిన వాసాల్లో ఒకదాని వెంట పాకి, దాని స్తంభాన్ని కావలించుకుని జారాడు. కిందికి రాగానే భుజం మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కానీ బతికాడు.

తమ్ముడుగారు కప్పు కేసి చాలాసేపు చూశారు.

"ఇంకా నిలబడే ఉందేం?" అన్నారు. తర్వాత నవ్వి, నా పొయ్యిరాళ్ళే మళ్ళీ పేర్పించి, విరిగిన నిచ్చెన ముక్కలతో నిప్పు రాజేయించారు. కప్పు నిలిచింది, కింద పొయ్యి వెలిగింది. లంక ఆయనదయింది.

అన్నగారు నన్ను వీధి అరుగు మీదికి పిలిపించారు.

"ఏ స్తంభం లాగాలో వాడికి నువ్వే చెప్పేవా?"

"ఆయ్, చెప్పానండి. పైన మనిషున్నాడండి."

ఆ చేతికి ఉంగరాలున్నాయి.

వీధిలో వడ్రంగి మావ, చెయ్యి మెడకు కట్టుకుని నా కోసం నిలబడి ఉన్నాడు. నేను ఉమ్మింది చూశాడు.

"మళ్ళీనా?"

తలూపాను. అతను బాగున్న చేతిని నా చంక కింద పెట్టాడు. నా మోకాలు ఇంకా వంగడం లేదు. ఇద్దరం మెల్లగా రేవు వైపు నడిచాం.