కుప్పం దాకా ఊడని బెల్టు

మొన్న మా అమ్మాయి కొత్త కారులో మదనపల్లె నుంచి పుంగనూరు పెళ్ళికి బయలుదేరితే, నేను ముందు సీట్లో కూర్చున్నానో లేదో కారు కుయ్యి కుయ్యిమని మొదలుపెట్టింది. బెల్టు పెట్టుకోమని దాని హుకుం. బెల్టు సంగతి నాకు చెప్పాలా? ఈ ఊళ్ళో అందరూ నవ్విన రోజుల్లోనే బెల్టు కోసం పోట్లాడినవాణ్ణి నేను. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కరినీ మరిచిపోలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ రోజుల్లో బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన కారొకటి కొనుక్కొచ్చాడు. దాని ముందు సీట్లకు ఫ్యాక్టరీలోనే బిగించిన బెల్టులుండేవి. మా వైపు కార్లలో అలాంటివి ఎరగం. సీటు కవర్లు కుట్టే మేస్త్రీ వాటిని అడ్డమనుకొని, లోపలికి మడిచిపెట్టి పైన రెక్సిన్ కుట్టేశాడు. ఇదేమని అడిగితే, "బెల్టేసుకోని యాడికి పోతావప్పా, విమానమెక్కతావా?" అన్నాడు. నేను వదలకుండా రెండేళ్ళు బావ వెంటపడి, చివరికి ఆ మేస్త్రీ చేతనే కవరు కోయించి బెల్టు బయటికి తీయించాను.

ఆ మరుసటి వారమే కుప్పంలో నాకు పెళ్ళిచూపులు. అప్పటికే మూడు సంబంధాలు నా మొండితనం సంగతి విని వెనక్కి పోయాయి కాబట్టి, ఇదైనా కుదరాలని అక్క కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంది. నాకూ లోలోపల భయంగానే ఉండింది. అయినా ఇస్త్రీ చొక్కా మీద బెల్టు బిగించుకొనే కూర్చున్నాను. పుంగనూరులో టీకి ఆగినప్పుడు బొత్తాం నొక్కితే బెల్టు ఊడలేదు. అన్నాళ్ళు కవరు కింద మగ్గి తుప్పు పట్టినట్టుంది. బావతో చెబితే ఇంకేమన్నా ఉందా? దిగబుద్ధి కావడం లేదని కారులోనే టీ తాగాను. టీ తెచ్చినాయన లోపలికి వంగి చూసి, "ఏమప్పా, పెండ్లికొడుకు పారిపోతాడని కట్టేసి తీసకపోతాండారా?" అని బావను అడిగాడు. బావ కాదనలేదు.

కుప్పంలో ఆడపెళ్ళివారు చెంబుతో నీళ్ళు పట్టుకొని వాకిట్లో నిలబడ్డారు. అక్క దిగింది, బావ దిగాడు, నేను దిగలేదు. పెళ్ళికాకముందే అలిగాననుకొని కాబోయే మామ ముఖం మాడ్చుకున్నాడు. సంగతి తెలిశాక బావ కత్తి తెమ్మన్నాడు. ఫ్యాక్టరీ బెల్టు, కోయడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ సంబంధమూ పోయిందనుకుంటుండగా, పిలిచేదాకా గడప దాటకూడని పెళ్ళికూతురు కుట్టుమిషన్ నూనెడబ్బా పట్టుకొని తానే బయటికొచ్చింది. "బాగుండేదాన్ని యాల కోసేదన్నా, రవంత నూనేస్తే వస్తాది," అని బావతో అని, నాలుగు చుక్కలు వేసి, నా వైపు చూడకుండానే, "మీరు గింజుకోకుండా ఉండండి," అంది. కటుక్కుమని ఊడింది. సంబంధం అక్కడే, కారు పక్కనే కుదిరింది.

బావ బతికున్నన్నాళ్ళు ప్రతి శుభకార్యంలోనూ ఈ కథ చెప్పి, చెప్పిన ప్రతిసారీ నేను పెట్టని కేక ఒకటి కలిపి, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. అందుకు ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. మొన్న పుంగనూరు పెళ్ళిలో ఆ కథ ఎవరైనా ఎత్తుతారేమోనని, జవాబు సిద్ధం చేసుకొని, భోజనాలయ్యాక కూడా చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక వేలు ఆనించగానే బెల్టు దానంతటదే ఊడి వెనక్కి వెళ్ళిపోయింది. వెనక సీట్లోంచి మా ఆవిడ దిగేసింది. నేనే, ఎవరో వచ్చి విడిపించాలన్నట్టు, కాసేపు అలాగే కూర్చుండిపోయాను.