గీతకు దూరంగా కూర్చున్న చుక్క

ఆ రోజుల్లో నాకు వంకర గీతంటే పడేది కాదు. తప్పు ముందే ఒప్పేసుకుంటాను. ఒక పెద్దమనిషి పంటకాలమంతా పడ్డ కష్టాన్ని నేను మౌసుతో ఒక్క నొక్కు నొక్కి మాయం చేశాను. అదీ భోజనానికి ముందు, ఆకలి తొందరలో.

రామచంద్రపురం దగ్గర వరి మీద ప్రయోగాలు చేసే చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. పన్నెండు మంది రైతులు ఎకరానికి ఎంత యూరియా వేశారో, ఎన్ని బస్తాలు పండించారో రాసుకొచ్చి కంప్యూటర్లో గ్రాఫు గీయడం నా పని. రైతుకో చుక్క. యూరియా పెరిగేకొద్దీ దిగుబడి పెరిగినట్టు పదకొండు చుక్కలు బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. పన్నెండోది మాత్రం సగం యూరియాతోనే అందరికంటే ఎత్తున కూర్చుంది. అది ఊరంతా కండువా బాబాయ్ అని పిలిచే రైతుది. రాసుకోవడంలో పొరపాటు జరిగి ఉంటుందని తీర్పు చెప్పేసి (రాసుకున్నదీ నేనే, ఆ సంగతి తీర్పులోకి రాలేదు) ఆ చుక్కను లెక్కలోంచి తీసేశాను. గీత చక్కగా సాగింది. "భలే వచ్చిందోయ్!" అని మా సారు భుజం తట్టారు. ఆ పూట పులుసు రెండోసారి వడ్డించుకున్నాను.

వారం తిరక్కుండా రైతుల మీటింగు పెట్టారు. తెర మీద గ్రాఫు వేసి ఎవరి చుక్క ఏదో నేను హుషారుగా చూపిస్తుంటే, ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న బాబాయ్ లేచారు.

"మరి నాదేదండీ?"

"మీది మిగతా వాటితో కలవలేదండి. అందుకని..."

"కలవకపోతే వెలేసేత్తారేంటండీ?"

హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "నీ చుక్క కాలవలో కొట్టుకుపోయుంటదిలే బాబాయ్!" అన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఆయ్, యూరియా సగమే ఏశానని ఊరంతా నన్ను పిసినారంటన్నారండి. ఇయ్యాల తెర మీద చూసి నోళ్ళు మూత్తారని మా వియ్యంకుడిగార్ని కూడా తీసుకొచ్చానండి" అన్నారు. పక్కనే ఉన్న వియ్యంకుడిగారు సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. నా చేతిలోని మైకు ఉన్నట్టుండి బరువెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఆయన చేలో వాలాను. అడగాల్సిన ఒక్క ప్రశ్న అప్పుడు అడిగాను: "సగం యూరియాతో అంత ఎలా పండిందండీ?"

"నాట్లకి ముందు బాతులోళ్ళ మందని పదిహేను రోజులు చేలోనే ఉంచానండి. అయ్యి ఏసిన రెట్టల ఎరువు చాలదాండీ?"

"ముందే చెప్పలేదేంటండీ?"

"మీ కాగితంలో బాతులకి గడి లేదు కదండీ!"

ఆఫీసుకొచ్చి చుక్కను మళ్ళీ లెక్కలో కలిపాను. గీత వంగింది, మా సారు ముఖం అంతకంటే వంగింది. తరవాతి మీటింగుకి వియ్యంకుడిగార్ని నేనే బండి మీద ఎక్కించుకొచ్చి, అందరి ముందూ "తప్పు నాదండి, ఈయన రాయించింది అక్షరాలా నిజం" అని చెప్పాను. బాబాయ్ తెర దగ్గరకంటా వెళ్ళి తన చుక్కను వేలితో ముట్టుకుని చూశారు.

"నా మూలాన మీ గీత పాడైనట్టుందండి" అన్నారు మొహమాటంగా.

"పర్వాలేదండి."

"అయితే ఉండనీండి."

ఆ తరవాత మిగతా పదకొండు చేలకీ వెళ్ళి, బుద్ధిగా నిలబడ్డ ఆ చుక్కల కథలు కూడా అడిగి రాసుకున్నాను. ఒక్క రోజులో పదకొండు ఇళ్ళలోనూ కాఫీ తాగక తప్పలేదు. ఆ రాత్రి అన్ని కాఫీల దెబ్బకి నిద్ర పట్టక దొర్లిన ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.